పల్లెటూరి ఇంట్లో రెండు రోజుల తోటపని: వేసవికి ఒక ఆరోగ్య పాఠం



మే నెల వచ్చిందంటే చేజర్ల చుట్టుపక్కల ఊళ్లలో తాళం వేసి ఉన్న ఇళ్లు తెరుచుకుంటాయి. నెల్లూరు, చెన్నై, బెంగుళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు శని, ఆదివారాలు కలుపుకొని పాత ఇంటికి వస్తాయి. వాకిలి ఊడుస్తారు, దొడ్డి వైపు తలుపు తీస్తారు. అక్కడ కంప పెరిగి ఉంటుంది, నిమ్మచెట్టు వాడిపోయి ఉంటుంది, మునగచెట్టు కొమ్మ విరిగి పడి ఉంటుంది. "రెండు రోజుల్లో ఇదంతా బాగుచేసి పోదాం" అని ఇంటిల్లిపాదీ పనిలోకి దిగుతారు.

ఇది మంచి అలవాటు. మనసుకు విశ్రాంతి, ఒంటికి పని, పిల్లలకు మట్టి పరిచయం. అయితే సంవత్సరమంతా ఫ్యాను కింద కూర్చున్న శరీరం చేత రెండు రోజుల్లో నాలుగు నెలల పని చేయిస్తే అది తట్టుకోలేదు. పైగా ఇది రోహిణి కార్తె వచ్చే కాలం. రోళ్లు పగిలే ఎండ అని పెద్దలు ఊరికే అనలేదు. అందుచేత ఈ నెల పాఠంలో, తోటపని ఆరోగ్యాన్ని ఇచ్చేదిగానే ఉండాలంటే ఏమి చేయాలో వరుసగా తెలుసుకుందాం.

1. తోటపని వల్ల మేలు

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల వరకు, ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పాదులు తీయడం, నీళ్లు మోయడం, కలుపు తీయడం, చెత్త ఎత్తడం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. నడకకు వెళ్లమంటే విసుక్కునేవారు కూడా మొక్కల మధ్య గంటసేపు ఇట్టే గడిపేస్తారు.

మనసుకూ మేలే. నెదర్లాండ్స్‌లో 30 మందితో చేసి 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ముందుగా అందరికీ మానసిక ఒత్తిడి కలిగించే పని ఇచ్చారు. తరువాత సగం మందిని అరగంట తోటపనికి పంపారు, సగం మందిని గదిలో కూర్చొని చదువుకోమన్నారు. ఒత్తిడి సమయంలో శరీరంలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటపని చేసినవారిలో మరింత తగ్గింది. ఇది చిన్న పరిశీలనే గాని, మన అవ్వలు, తాతలు అనుభవంతో చెప్పిన మాటకు దగ్గరగా ఉంది.

ఇక తిండి సంగతి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం ఒక్కొక్కరికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు కావాలి. ఇంటి వెనుక ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక బొప్పాయి, రెండు మళ్ల తోటకూర, గోంగూర ఉంటే ఈ లెక్కలో కొంత భాగం డబ్బు ఖర్చు లేకుండా తీరిపోతుంది. మునగాకులో కాల్షియం, ఇనుము, విటమిన్ ఎ గా మారే పదార్థం బాగా ఉంటాయి. కాయ కోసుకొని ఆకు పారేయడం ఇకనైనా మానుకుందాం.

2. ముందుగా ఎండను లెక్కలోకి తీసుకోండి

ఎండలో శ్రమ చేయడానికి శరీరం అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువగా పోవడం శరీరం నేర్చుకుంటుంది. ఊళ్లో రోజూ పొలం పని చేసే మనిషికి ఈ అలవాటు ఉంది. శుక్రవారం రాత్రి బస్సు దిగిన మనిషికి లేదు. "చిన్నప్పుడు ఇదే దొడ్లో మధ్యాహ్నం దాకా తవ్వేవాణ్ణి" అనుకోవడం మనసు. శరీరానికి ఆ జ్ఞాపకం ఉండదు.

2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. కాబట్టి ఈ నియమాలు పాటించండి.

• పని ఉదయం వెలుగు వచ్చింది మొదలు 9 గంటల వరకు, తిరిగి సాయంత్రం 5 తరువాత. మధ్యలో నీడ పట్టున ఉండండి.
• మొదటి రోజు అనుకున్న పనిలో సగమే చేయండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి నీడలో కూర్చోండి.
• దాహం వేసేదాకా ఆగకండి. పనిలో ఉన్నంతసేపు 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, నిమ్మరసం మంచివి. నిమ్మతోటలున్న సీమ మనది, కాబట్టి నిమ్మకాయకు కొదవ లేదు.
• నూలు బట్టలు వేసుకోండి. తలకు తుండు గుడ్డ చుట్టుకోండి.
• సారా, బీరు తాగి ఎండలో పని చేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

చెమట ఎక్కువ పోసి నీరసం వస్తే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తాన్ని ఒక లీటరు మంచినీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పొట్లం లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో తల కొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే వేలమంది ప్రాణాలు నిలబెట్టారు. చవకైనదని చిన్నచూపు చూడకండి.

వడదెబ్బ గుర్తులు: ఒళ్లు కాలిపోవడం (104 డిగ్రీలు, ఆ పైన), తడబడిన మాట, మతి తప్పినట్లు ప్రవర్తించడం, ఫిట్స్, స్పృహ తప్పడం. చెమట ఆగిపోవచ్చు, పోస్తూ కూడా ఉండవచ్చు. చెమట ఉంది కదా వడదెబ్బ కాదనుకోవద్దు. మనిషిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ జ్వరం పారాసిటమాల్ బిళ్లతో తగ్గదు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి.

3. శనివారం ఉదయం: చెత్త, కట్టెలు, బండలు

నెలల తరబడి కదలని కట్టెల మోపు, పిడకల గూడు, విరిగిన పెంకులు, బండల సందులు పాములకు, తేళ్లకు చల్లని ఇళ్లు. పని మొదలుపెట్టేముందు పొడవాటి కర్రతో తట్టి కదిలించండి. చేతులతో తడమకండి. బూట్లు, మందమైన చేతితొడుగులు వేసుకోండి. పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి.

తేలు: నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బను చూసి అందరూ భయపడతారు. నిజానికి చిన్నగా ఉండే ఎర్ర తేలే ఎక్కువ ప్రమాదకరం, ముఖ్యంగా పిల్లలకు. కుట్టిన తరువాత విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే విషం గుండె మీద పని చేస్తోందని అర్థం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో, బీపీకి వాడే ప్రజోసిన్ అనే మామూలు బిళ్లతో ఈ మరణాలను ఎంతో తగ్గించవచ్చని చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మందు ఉంది, అది వేళకు అందాలి. మంత్రం వేయించి తెల్లవారేదాకా చూద్దామంటే ఆ వేళ దాటిపోతుంది.

పాము: మన ప్రాంతంలో ముఖ్యంగా జాగ్రత్త పడవలసినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కాట్లు వానాకాలంలో ఎక్కువైనా, వేసవిలో ఆరుబయట నేల మీద పడుకునేవారిని కట్లపాము రాత్రిపూట కరుస్తుంది. ఆ కాటు నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఆరుబయట పడుకునేవారు మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. రాత్రి దొడ్లోకి వెళ్తే టార్చిలైటు తప్పనిసరి.

కాటు పడితే:
• ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్దకు ఆనించి కట్టండి.
• తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, ఆకు పసర్లు పోయకండి.
• నడిపించకండి, మోసుకెళ్లండి. పామును వెతుకుతూ కాలం పోగొట్టకండి.
• పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. అది ఎక్కడ ఉందో ఊరికి వచ్చిన రోజే కనుక్కొని గోడ మీద రాసి పెట్టుకోండి.

4. శనివారం సాయంత్రం: గుంటలు, ముళ్లు

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. కాబట్టి మే నెల మొక్కలు నాటడానికి అనువైన కాలం కాదు, గుంటలు తీసి ఉంచడానికి మంచి కాలం. రెండు మూడు అడుగుల గుంట తీసి ఎండకు వదిలేస్తే మట్టిలోని పురుగులు, తెగులు కొంత చస్తాయి. తరువాత చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, వానలు పడ్డాక మొక్క పెట్టుకోవచ్చు. నేల గట్టిగా ఉంటే తవ్వబోయే చోట ముందురోజు రాత్రే నీళ్లు పోసి నాననివ్వండి. ఒక సాయంత్రానికి ఒక గుంట చాలు. నడుము వంచి గడ్డపార ఎత్తకండి, మోకాళ్లు వంచి లేవండి. అలవాటు లేనివారి నడుము సోమవారం ఉదయం లెక్క అడుగుతుంది.

నిమ్మముల్లు, కంపముల్లు, తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో ఐదు నిమిషాలు కడగండి. పేడ, సున్నం, కాఫీపొడి పెట్టకండి. ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. లోతైన గాయంలో గాలి తగలనిచోట అవి పెరుగుతాయి. పాత టి.టి. సూదికి బదులు మన దేశ టీకా కార్యక్రమంలో 2019 నుంచి టి.డి. సూది ఇస్తున్నారు. ఇది ధనుర్వాతంతో పాటు కంఠసర్పి అనే డిఫ్తీరియా నుంచి కూడా కాపాడుతుంది. మురికి గాయమై, చివరి సూది వేసుకొని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేసుకున్నారో గుర్తు లేకపోయినా ఆసుపత్రిలో చూపించుకోండి.

పిల్లలు ఉత్త కాళ్లతో దొడ్లో తిరిగితే కొంకిపురుగులు పాదాల చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. రక్తం తగ్గిపోతుంది. చెప్పులు వేయండి, అన్నానికి ముందు గోళ్ల సందులు కూడా సబ్బుతో కడిగించండి.

5. ఆదివారం: నీళ్ల ఏర్పాటు

ఆరాధన ముగిసి, భోజనం చేసి, మధ్యాహ్నం అందరూ నిద్రపోండి. విశ్రాంతి తీసుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే. సాయంత్రం ఒక ముఖ్యమైన పని ఉంది. మీరు వెళ్లిపోయాక మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తారు?

దీనికి కుండ పద్ధతి మంచిది. రంగు వేయని మట్టికుండను మొక్కకు జానెడు దూరంలో మెడ దాకా పాతిపెట్టి నీళ్లు నింపండి. కుండ గోడల గుండా తేమ మెల్లగా వేళ్లకు అందుతుంది. పాదులో ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, వరిగడ్డి పరిస్తే తేమ ఆరిపోదు. నిమ్మచెట్టుకైతే నీళ్లు, ఆకులు మొదలుకు ఆనకుండా కొంచెం దూరంగా ఉంచండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. కుండలో నీళ్లు నాలుగైదు రోజులకు ఒకసారి నింపమని పక్కింటివారిని అడిగితే కాదనరు. కాసిన మునగకాయల్లో వారికీ వాటా ఇవ్వండి.

కుండకు మూత తప్పక పెట్టండి. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. తాళం వేసిన ఇంట్లో తొట్టి, పాత టైరు, కొబ్బరి చిప్ప, పూలకుండీ కింది పళ్లెం ఊరందరికీ డెంగీ పంచుతాయి. వెళ్లేముందు అన్నీ బోర్లించండి.

6. తాగే నీళ్లు, మొక్కల నీళ్లు

మన ప్రాంతానికి ఇది ప్రత్యేకమైన మాట. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును మన దేశంలో మొట్టమొదట వైద్యులు వివరంగా రాసింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఈ జిల్లాలో ఉండేవి. పిల్లల పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు, పెద్దవారికి మెడ, నడుము బిగుసుకుపోవడం దీని గుర్తులు.

బోరు నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. కాబట్టి పాత ఇంటి బోరు నీళ్లను పరీక్ష చేయించేదాకా మొక్కలకు, బట్టలకు వాడండి. తాగడానికి, వంటకు సురక్షితమైన నీళ్లు తెచ్చుకోండి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తింటే కాల్షియం, విటమిన్ సి అంది ఒంటికి కొంత రక్షణ. అంటే పెరటి తోట ఇక్కడ కూడా మనకు తోడుగా నిలుస్తుంది.

7. పురుగుమందులు

కొట్టంలో మిగిలిన పాత డబ్బాలు వాడకండి. ఆ డబ్బాల్లో నూనె, నీళ్లు పోసుకోకండి. కూల్‌డ్రింకు సీసాల్లో మందు పోసి ఉంచితే పిల్లలు తాగేస్తారు. ఇంటి వాడకానికి వేపగింజల కషాయం చాలు. 50 గ్రాముల వేపపప్పు పొడిని ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వేపపండ్లు రాలే కాలం కూడా ఇదే.

8. మందులు వాడేవారికి ప్రత్యేక మాట

• షుగరు ఉన్నవారు టిఫిను తినకుండా పనిలోకి దిగకండి. వణుకు, చెమట, గాబరా వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకొని కూర్చోండి. అది ఎండ వల్ల వచ్చిన చెమటో, షుగరు తగ్గి వచ్చిన చెమటో తెలియకపోయినా ఇలాగే చేయండి.
• ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్ లేని ఇంట్లో, చిన్న డబ్బాలో పెట్టి తడిమట్టికుండలో నీడన ఉంచండి. కారులో వదిలేయకండి.
• మూత్రం ఎక్కువ పోయించే బీపీ బిళ్లలు, గుండె, కిడ్నీ మందులు వాడేవారు ఎన్ని నీళ్లు తాగాలో, ఉప్పు ఎంత వాడాలో డాక్టరును ముందే అడగండి. మందు మాత్రం సొంతంగా మానకండి.
• షుగరు వల్ల గాని, కుష్ఠు వల్ల గాని పాదాలు తిమ్మిరిగా ఉన్నవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కాలే బండ మీద నిలబడినా తెలియదు. మూసి ఉండే మెత్తటి చెప్పులు వేసుకోండి. పని అయ్యాక రెండు అరికాళ్లనూ ఇంట్లోవారి చేత చూపించుకోండి.

9. తిరిగి వెళ్లిన తరువాత

ఒకటి రెండు వారాల్లో తగ్గని జ్వరం, తలనొప్పి వస్తే "ఊళ్లో పొదలు కొట్టాం, చెత్త తీశాం" అని డాక్టరుకు తప్పక చెప్పండి. పొదల్లోని అతి చిన్న నల్లుల వంటి పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. చంకలో, నడుము మడతలో, గజ్జల్లో కాలినట్టుండే నల్లటి పక్కు ఒక్కటే దాని గుర్తు కావచ్చు. అది నొప్పి పెట్టదు గనుక రోగికే తెలియదు. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. మీరు చెప్పే ఆ ఒక్క మాటతో వైద్యునికి దారి తెలుస్తుంది.

ఇంటిల్లిపాదీ కూర్చొని చెప్పుకోవలసిన ప్రశ్నలు

1. మొదటి రోజు సగం పనే ఎందుకు చేయాలి?
2. చెమట పోస్తున్న మనిషికి వడదెబ్బ తగిలి ఉండవచ్చా?
3. పాము కరిస్తే చేయకూడని పనులు నాలుగు చెప్పండి.
4. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడు పోతుందా?
5. మన ఇంటి నుంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏది? అక్కడికి ఎంతసేపట్లో చేరగలం?

అయిదో ప్రశ్నకు జవాబు ఈ పేజీలో లేదు. అది ఒక్కో ఊరికి ఒక్కో విధంగా ఉంటుంది. ఈ శనివారం గడ్డపార పట్టుకోకముందే ఆ జవాబు కనుక్కొని తలుపు వెనుక రాసి పెట్టండి. ఆ తరువాత నిశ్చింతగా దొడ్లోకి దిగండి.